హెచ్-4 ఈఏడీ: ఒక కార్డు వెనుక అమెరికా సర్కారు

అమెరికాలో ఉద్యోగ అనుమతి కార్డు, అందరి నోటా ఈఏడీ, చూడటానికి డ్రైవింగ్ లైసెన్సులా ఉంటుంది. ఫొటో, వేలిముద్ర, పుట్టిన తేదీ, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు చెల్లుతుందన్న వివరం ఉంటాయి. వాటి మధ్య కేటగిరీ అని ఒక చిన్న గడి. అందులో సీ26 అని ఉంటే ఆ కార్డు హెచ్-1బీ ఉద్యోగికి తోడుగా హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యదో భర్తదో అని అర్థం. నిజానికి 'భర్తదో' అనడం మాటవరసకే. పథకం మొదలైన తొలి రెండు మూడేళ్ల లెక్కల్లో ఈ కార్డు కొత్తగా పొందినవారిలో 90 శాతానికి పైగా మహిళలు, 90 శాతానికి పైగా భారతీయులు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో చాలా తెలుగు ఇళ్లలో రెండో జీతం, దాంతోపాటే ఇంటి లోన్ కిస్తీ, ఈ కార్డు మీదే నడుస్తోంది.

ఈ కార్డు గురించి మనవాళ్ల మధ్య రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒబామా ఇచ్చాడు, ట్రంప్ తీసేస్తాడు. రెండూ పూర్తిగా నిజం కావు. ఒబామా ఫలానా ఉత్తర్వు మీద సంతకం పెట్టి దీన్ని ఇవ్వలేదు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దీనికోసం ప్రత్యేకంగా చట్టమూ చేయలేదు. ట్రంప్ సర్కారు మొదటి విడత నాలుగేళ్లూ తీసేస్తామంటూనే ఉండి తీయకుండానే దిగిపోయింది. అధ్యక్షుడు తలుచుకుంటే ఏదైనా జరిగిపోతుందని అనుకునేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. ఆ దేశంలో ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి రాజ్యాంగ పాఠం కన్నా ఈ ఒక్క కార్డు చరిత్ర ఎక్కువ పనికొస్తుంది.

ముందు అధ్యక్షుడి సంగతి. అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం కార్యనిర్వాహక అధికారమంతా అధ్యక్షుడనే ఒక్క మనిషికి అప్పగించింది. మన దగ్గర మంత్రి అంటే చట్టసభ సభ్యుడు, సభకు జవాబు చెప్పుకోవాలి. అక్కడ మంత్రి స్థాయి మనిషిని సెక్రటరీ అంటారు. ఆయన కాంగ్రెస్ సభ్యుడైతే ఆ సీటు వదులుకునే రావాలి. సెనేట్ ఆమోదిస్తే పదవి, అధ్యక్షుడు పొమ్మంటే ఇంటికి. ఇలాంటి శాఖలు 15. వాటి కింద సైన్యం, తపాలా శాఖలను పక్కనపెట్టినా దాదాపు 20 లక్షల మంది సివిల్ ఉద్యోగులు ఉంటారు. ఇంత పెద్ద యంత్రంలో కొత్త అధ్యక్షుడు తనవాళ్లను నింపుకోగల కుర్చీలు 4 వేల చిల్లర. మిగతావాళ్లు పరీక్షలు, అర్హతల మీద వచ్చినవాళ్లు.

ఎప్పుడూ ఇలా లేదు. 19వ శతాబ్దంలో ఎన్నిక గెలిస్తే పోస్టాఫీసు గుమస్తా దాకా పార్టీవాళ్లకు పంచేవారు. 1881లో ఉద్యోగం దొరకలేదన్న కసితో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చాడు. ఆ గాయంతోనే ఆయన చనిపోయాడు. రెండేళ్లకు, 1883లో, పెండిల్టన్ చట్టం వచ్చింది. ఉద్యోగాలు ప్రతిభ మీద ఇవ్వాలన్న పద్ధతి అక్కడి నుంచి మొదలైంది. ఇప్పటికీ ప్రభుత్వం మారితే మారేది పైపొర మాత్రమే. ఫైలు ఎక్కడుందో, చట్టంలో ఏ ఉపక్లాజు ఏం చెబుతుందో తెలిసినవాళ్లు కిందే ఉంటారు. ఆ కిందిపొరను కూడా తన చేతిలోకి తెచ్చుకోవాలన్నది ట్రంప్ రెండో విడతలో పెద్ద పోరాటం. అది వేరే వ్యాసానికి సరిపడా కథ.

ఇక కార్డు దగ్గరికి వద్దాం. ఏ అమెరికా శాఖకూ సొంతంగా అధికారం పుట్టదు. కాంగ్రెస్ చేసిన చట్టంలో ఎక్కడో ఒక మాట దొరకాలి. హెచ్-4 ఈఏడీకి దొరికిన మాట 1986 నాటిది. అనుమతి లేని విదేశీయుల్ని పనిలో పెట్టుకోకూడదని ఆ ఏడాది కాంగ్రెస్ యజమానులకు చెప్పింది. అనుమతి లేనివాళ్లంటే ఎవరో నిర్వచిస్తూ, ఈ చట్టం గానీ అటార్నీ జనరల్ గానీ పనిచేయడానికి అనుమతించనివారు అనే అర్థం వచ్చేలా రాసింది. 'అటార్నీ జనరల్ గానీ' అన్న ఆ ముక్కే మొత్తం కథకు పునాది. అటార్నీ జనరల్ అంటే అక్కడ న్యాయశాఖకు అధిపతి. చట్టం నేరుగా ఇవ్వకపోయినా అధికారి ఇవ్వొచ్చన్నమాట. ఇమిగ్రేషన్ వ్యవహారాలు 2003లో న్యాయశాఖ నుంచి కొత్తగా పుట్టిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు బదిలీ అయ్యాయి. ఆ అధికారమూ వాటితోపాటే వెళ్లింది.

పునాదిలో ఒక పగులు కూడా ఉంది. 2002 జనవరిలో కాంగ్రెస్ ఎల్-1 ఉద్యోగుల, అంటే కంపెనీ తన విదేశీ శాఖ నుంచి అమెరికాకు బదిలీ చేసినవాళ్ల, భార్యాభర్తలకు పని అనుమతిని చట్టంలోనే రాసి ఇచ్చింది. హెచ్-4 వాళ్ల ఊసెత్తలేదు. కాంగ్రెస్ కావాలనే ఇవ్వలేదు కాబట్టి శాఖ ఇవ్వకూడదని ఒక వాదన. వద్దని ఎక్కడా అనలేదు కాబట్టి ఇవ్వొచ్చని ఇంకో వాదన. పదేళ్ల కోర్టు గొడవ సారాంశం ఇంతే.

అధికారం ఉంటే సరిపోదు, దాన్ని వాడే పద్ధతి కూడా చట్టంలోనే ఉంది. మన దగ్గర సెక్రటేరియట్ నుంచి రాత్రికి రాత్రి జీవో వస్తే తెల్లారేసరికి అమల్లో ఉండొచ్చు. అమెరికాలో 1946 నాటి పరిపాలనా విధాన చట్టం ప్రకారం శాఖ ఒక నిబంధన చేయాలంటే ముందు ముసాయిదాను ఫెడరల్ రిజిస్టర్ అనే గెజెట్‌లో అచ్చు వేయాలి. జనం అభిప్రాయాలు రాయడానికి గడువు ఇవ్వాలి. వచ్చినవి చదవాలి. ముఖ్యమైన అభ్యంతరాలకు సమాధానం రాసి, అప్పుడు తుది నిబంధన వేయాలి. పెద్ద నిబంధనలైతే మధ్యలో వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం దగ్గర కూడా ఆగాలి. అక్కడ లాభనష్టాల లెక్కలు అడుగుతారు.

హెచ్-4 నిబంధన ఈ దారిలోనే వచ్చింది. 2014 మే నెలలో ముసాయిదా పెట్టారు. అభిప్రాయాలకు 60 రోజులు ఇచ్చారు. దాదాపు 13 వేల అభిప్రాయాలు వచ్చాయి. ఎక్కువ శాతం ఇవ్వమనే. డిగ్రీలు చదివి ఇంట్లో కూర్చున్నామని రాసినవాళ్లున్నారు, మా ఉద్యోగాలు పోతాయని రాసినవాళ్లూ ఉన్నారు. 2015 ఫిబ్రవరి 25న తుది నిబంధన అచ్చయింది. మే 26 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. అందరికీ ఇవ్వలేదు. హెచ్-1బీ మీద ఉన్న భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ, ఆమోదం పొంది ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ సాగుతుండగా హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపు పొంది ఉండాలి. ఏ దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వరన్న పరిమితి వల్ల భారతీయులు ఏళ్ల తరబడి క్యూలో ఉంటారు. అంతకాలం రెండో మనిషి ఇంట్లో కూర్చోవాల్సి వస్తే నిపుణులు అమెరికానే వదిలి వెళ్లిపోతారు. శాఖ చెప్పిన కారణం ఇది. మొదటి ఏడాది 1,79,600 మంది, ఆ తర్వాత ఏటా 55 వేల మంది అర్హులవుతారని అంచనా కూడా రాసింది.

ఆ గెజెట్ పేజీలు తిరగేస్తే ఆశ్చర్యం వేస్తుంది. అసలు నిబంధన కొద్ది పేరాలే. మిగతాదంతా ఎవరేమన్నారు, దానికి మా జవాబు ఏమిటి అన్న వివరణ. విసుగు పుట్టించే రాత. కానీ రేపు కోర్టులో శాఖను కాపాడేది ఆ విసుగు పుట్టించే భాగమే.

కోర్టుకు వెళ్లడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. 2015 ఏప్రిల్‌లోనే, ఇంకా ఒక్క కార్డు కూడా ముద్రించకముందే, సేవ్ జాబ్స్ యూఎస్‌ఏ అనే బృందం వాషింగ్టన్ జిల్లా కోర్టులో దావా వేసింది. అందులో ఉన్నవాళ్లు సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ సంస్థలో ఐటీ ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు. తమ కుర్చీల్లో హెచ్-1బీ మీద వచ్చినవాళ్లు కూర్చున్నారన్నది వాళ్ల బాధ. బాధ హెచ్-1బీ గురించి, దావా హెచ్-4 మీద. జిల్లా కోర్టు జడ్జి తాన్యా చట్కన్ సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు. ఫెడరల్ కోర్టు గుమ్మంలో మొదటి ప్రశ్న, చట్టం సరైనదా కాదా అని కాదు. దీనివల్ల నీకేం నష్టం జరిగింది అన్నది. దీన్నే స్టాండింగ్ అంటారు. దేశంలో ఏ అన్యాయం జరిగినా ఎవరో ఒకరు పిల్ వేసే మన పద్ధతి అక్కడ సాగదు. నష్టం రుజువు కాలేదంటూ 2016లో ఆమె దావా కొట్టేశారు.

ఫెడరల్ కోర్టులు మూడు మెట్లు. కింద 94 జిల్లా కోర్టులు, మధ్యలో 13 అప్పీలు కోర్టులు, పైన తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు. ఈ మూడు మెట్ల జడ్జిలనూ అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత పదవి జీవితాంతం. రిటైర్మెంట్ వయసు లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు. నియమించినవాడికి కూడా భయపడాల్సిన పని లేదు. ఒక విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. ఇమిగ్రేషన్ కోర్టులో కూర్చునే ఇమిగ్రేషన్ జడ్జి ఈ కోవలోకి రాడు. ఆయన న్యాయశాఖ ఉద్యోగి, అంటే కార్యనిర్వాహక శాఖ మనిషే. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ వెనుక ఉన్న వీసా అధికారి నిర్ణయానికి వస్తే పరిస్థితి ఇంకా బిగుసు. దాన్ని అమెరికా కోర్టులు దాదాపుగా ముట్టుకోవు. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 2024లో మరోసారి గట్టిగా చెప్పింది.

దావా అప్పీలుకు వెళ్లింది. ఈలోగా 2017లో ట్రంప్ వచ్చారు. ఈ నిబంధనను మేమే రద్దు చేస్తాం, కేసును కొన్నాళ్లు ఆపండి అని ప్రభుత్వం కోర్టును అడిగింది. కోర్టు ఆపింది. మళ్లీ అడిగింది, మళ్లీ ఆపింది. తీసేస్తామన్న మాటే ఆ నిబంధనకు ఆయుష్షు పోసింది. ఇంతకన్నా తమాషా ఏముంటుంది! రద్దు ముసాయిదా 2019 ఫిబ్రవరిలో బడ్జెట్ కార్యాలయానికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. గెజెట్‌లో అచ్చు కాలేదు. 2021 జనవరిలో బైడెన్ వచ్చిన వారంలోపే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

నాలుగేళ్లు ఎందుకు చాల్లేదు? నిబంధన పెట్టడానికి ఏ దారిలో నడవాలో తీసేయడానికీ అదే దారిలో నడవాలి. మళ్లీ ముసాయిదా, మళ్లీ అభిప్రాయాలు, మళ్లీ జవాబులు. పైగా 2015లో శాఖ తానే రాసిన లాభాల లెక్క ఇప్పుడు ఎందుకు తప్పో చెప్పాలి. ఈ కష్టం ఎంతో 2020లో డాకా కేసు చూపించింది. చిన్నప్పుడే అమెరికాకు వచ్చి పత్రాలు లేకుండా ఉండిపోయినవాళ్లకు ఒబామా హయాంలో ఇచ్చిన రక్షణ అది. ట్రంప్ సర్కారు దాన్ని 2017లో ఒక మెమోతో రద్దు చేసింది. సుప్రీంకోర్టు 5-4తో ఆ రద్దును కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసిన ఆ తీర్పు డాకా మంచిదని అనలేదు, తీసేసే అధికారం లేదనీ అనలేదు. కారణాలు సరిగ్గా చెప్పలేదు, దాన్ని నమ్ముకుని బతుకులు కట్టుకున్నవాళ్ల గురించి ఆలోచించలేదు అంది. అమెరికా కోర్టులు సర్కారును ఎక్కువసార్లు ఓడించేది ఇలాంటి చోటే. హక్కుల గురించి పెద్ద మాటలేమీ ఉండవు. ఫైలులో కారణం సరిగ్గా రాశారా లేదా అన్నదే లెక్క.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దృశ్యం 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. ఆ రోజు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. హెచ్-1బీ మీద దేశంలోకి రావాలంటే లక్ష డాలర్లు కట్టాలి, ఆదివారం తెల్లవారుజామున 12.01 నుంచి అమలు, 12 నెలల పాటు. ఆ ఆదివారమే ఎంగిలిపూల బతుకమ్మ. దసరాకు ఇంటికి వచ్చినవాళ్లకు వెంటనే వెనక్కి రండి అని కంపెనీల నుంచి మెయిళ్లు. వాట్సాప్ గ్రూపుల నిండా టెన్షన్. శనివారం ఇమిగ్రేషన్ సంస్థ ఒక మెమో వదిలింది. ఇది ఇకముందు పెట్టే కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు అని. అక్టోబర్ 20న ఇంకో వివరణ. అమెరికాలోనే ఉండి చదువు వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకూ వర్తించదు అని. సంతకం ఒక రోజులో అయిపోయింది. దాని అర్థమేమిటో తేల్చడానికి అధికారులకు నెల పట్టింది.

ముసాయిదా లేకుండా, అభిప్రాయాలు అడగకుండా ఇది ఎలా కుదిరింది? 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టం 212(ఎఫ్) సెక్షన్ వల్ల. ఎవరి రాక దేశానికి చేటు అని అధ్యక్షుడు భావిస్తే వాళ్ల ప్రవేశాన్ని ఆపొచ్చని కాంగ్రెస్ అందులో రాసింది. దీన్ని ఆసరా చేసుకునే ట్రంప్ మొదటి విడతలో కొన్ని దేశాలవారి రాకపై నిషేధం పెట్టారు. మూడో రూపంలో ఆ నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు 5-4తో నిలబెట్టింది. లక్ష డాలర్ల ఫీజుపై అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్ వేసిన దావాలో కూడా 2025 డిసెంబర్‌లో వాషింగ్టన్ జిల్లా కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. అధ్యక్షుడి బలం సరిహద్దు గేటు దగ్గర ఎక్కువ. లోపలికి వచ్చేసినవాళ్ల విషయంలో తక్కువ. ఆ మెమోలు మెల్లమెల్లగా ఫీజును గేటు బయటికే ఎందుకు నెట్టాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

గేటు లోపల ఏమవుతుందో జన్మతః పౌరసత్వం ఉత్తర్వు చూపించింది. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే, ట్రంప్ దానిపై సంతకం పెట్టారు. హెచ్-1బీ, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న దంపతులకు అమెరికాలో పుట్టే పిల్లలకు కూడా ఆ ఉత్తర్వు ప్రకారం పుట్టుకతో పౌరసత్వం రాదు. రోజుల వ్యవధిలోనే జిల్లా కోర్టులు దేశమంతటా ఆపేశాయి. ఒక్క జిల్లా జడ్జి దేశం మొత్తానికి ఇలా బ్రేకు వేయొచ్చా అన్నది వెంటనే ఇంకో తగాదా అయింది. జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో, దావా వేసినవాళ్లకు కావలసినంత మేరకే ఊరట ఇవ్వాలంది. ఒకే రకం బాధితులందరి తరఫున క్లాస్ యాక్షన్ వేసే దారిని మాత్రం మూయలేదు. రెండు వారాల్లోనే న్యూహ్యాంప్‌షైర్‌లో ఒక జడ్జి ఆ దారిలోనే ఉత్తర్వును మళ్లీ ఆపారు.

మన కార్డు కేసు మాత్రం ఇంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. 2019 నవంబర్‌లో అప్పీలు కోర్టు, ఉద్యోగ మార్కెట్‌లో పోటీ పెరగడం కూడా నష్టమే అంటూ దావాను తిరిగి జిల్లా కోర్టుకు పంపింది. 2023 మార్చిలో చట్కన్ ఈసారి అసలు విషయంలోకి వెళ్లి, శాఖకు అధికారం ఉందని తీర్పిచ్చారు. మళ్లీ అప్పీలు. అది పెండింగ్‌లో ఉండగానే 2024 జూన్ 28న సుప్రీంకోర్టు పెద్ద బాంబు వేసింది. చట్టంలో మాట అస్పష్టంగా ఉంటే శాఖ చెప్పిన అర్థం సబబుగా ఉన్నంతవరకు కోర్టులు దాన్ని ఒప్పుకోవాలన్నది 1984 నుంచి ఉన్న సూత్రం. షెవ్రాన్ అనే చమురు కంపెనీ కేసులో పుట్టింది కాబట్టి అదే పేరు. 40 ఏళ్ల ఆ సూత్రాన్ని లోపర్ బ్రైట్ కేసులో కోర్టు తీసిపారేసింది. ఆ కేసు తెచ్చింది హెర్రింగ్ చేపలు పట్టే కంపెనీలు. పడవ మీద ప్రభుత్వ పరిశీలకుడి జీతం మేమెందుకు భరించాలన్నది వాళ్ల తగాదా. చట్టానికి అర్థం చెప్పేది ఇక జడ్జిలే, శాఖ కాదు. చేపల పడవ మీద మొదలైన గొడవ ఇమిగ్రేషన్ లాయర్లకు నిద్ర లేకుండా చేసింది.

హెచ్-4 పోతుందని చాలామంది అనుకున్నారు. పోలేదు. 2024 ఆగస్టు 2న అప్పీలు కోర్టు నిబంధనను సమర్థించింది. విద్యార్థులు చదువయ్యాక కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, మీద వచ్చిన కేసులో 2022లోనే తాము చట్టాన్ని చదివి శాఖకు ఇలాంటి అధికారం ఉందని తేల్చామని, దానికి షెవ్రాన్ ఆసరా అక్కర్లేదని చెప్పింది. ఆఖరి మెట్టు సుప్రీంకోర్టు. ఏటా వేలల్లో వచ్చే అర్జీల్లో అది విచారణకు తీసుకునేది కొన్ని పదులే. తొమ్మిదిమందిలో నలుగురు సరే అనాలి. 2025 అక్టోబర్ 14న వచ్చిన జాబితాలో ఈ అర్జీ తిరస్కరించిన వాటిలో ఉంది. కారణం రాయలేదు, రాయాల్సిన పనీ లేదు. మన పేపర్లు దీన్ని సుప్రీంకోర్టు సమర్థించింది అని రాస్తే అది కాస్త అతి. కోర్టు చేసింది కింది తీర్పును కదిలించకపోవడం మాత్రమే. శాఖ రేపు పద్ధతి ప్రకారం నిబంధన తీసేయాలనుకుంటే ఈ తిరస్కరణ అడ్డు రాదు.

పదేళ్ల కేసు అలా ముగిసింది. కానీ రద్దు చేయలేనిదాన్ని కూడా ఆలస్యం చేయొచ్చు. ఆఫీసుకు ఉన్న అసలు బలం అక్కడే ఉంది. 2019 మార్చిలో హెచ్-4 పొడిగింపు దరఖాస్తులకూ వేలిముద్రలు తప్పనిసరి చేశారు. ఒక చిన్న కాగితం మార్పు. ఫలితంగా నెలల తరబడి ఆలస్యం. పాత కార్డు గడువు తీరింది, కొత్తది రాలేదు, ఉద్యోగం పోయింది. ఈ ఆలస్యాలపైనే దావాలు పడ్డాయి. 2021 నవంబర్‌లో కుదిరిన రాజీతో హెచ్-4 వాళ్లకు కార్డు రెన్యువల్ పెండింగ్‌లో ఉన్నా, దేశంలో ఉండేందుకు ఇచ్చిన ఐ-94 పత్రం గడువు ఉన్నంతలో, 180 రోజులు పని కొనసాగించే వీలు వచ్చింది. తర్వాత వేరే నిబంధనతో అది 540 రోజులైంది.

సుప్రీంకోర్టు అర్జీ తిరస్కరించిన 16 రోజులకు, అక్టోబర్ 30న, ఫెడరల్ రిజిస్టర్‌లో ఇంకో నిబంధన అచ్చయింది. ఆ రోజు నుంచి రెన్యువల్‌కు పెట్టే దరఖాస్తుల్లో చాలా కేటగిరీలకు ఈ ఆటోమేటిక్ పొడిగింపు ఉండదు. వాటిలో సీ26 ఒకటి. ముందు ముసాయిదా లేదు, అభిప్రాయాల గడువు లేదు. తగిన కారణం ఉంటే ఆ మెట్లు దాటేయడానికి 1946 చట్టంలోనే ఒక సందు ఉంది, దాంట్లోంచి తెచ్చారు. 2015 నిబంధనలో ఒక్క అక్షరం మారలేదు. అర్హత అలాగే ఉంది. రెన్యువల్‌కు మాత్రం గడువు తీరడానికి 180 రోజుల కన్నా ముందు దరఖాస్తు తీసుకోరు. ఆరు నెలల్లో కొత్తది చేతికి రాకపోతే, కార్డు మీద అచ్చయిన తేదీ దాటిన మర్నాడు కంపెనీ హెచ్‌ఆర్, పని అనుమతి తనిఖీకి వాడే ఐ-9 ఫారం తీసి, కొత్త కార్డు చూపించమని అడుగుతుంది. చూపించలేకపోతే ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయాలి.